ఐపీఎస్ డోపమైన్ కణాలు ఎలుకల్లో పనిచేశాయి: మొదటి రోగి దాకా ఏ వరుసలో వెళ్లాలి?

కణశాల:

పార్కిన్సన్స్ జబ్బు కోసం ఐపీఎస్ కణాల (మామూలు కణాలను వెనక్కి తిప్పి చేసిన, ఏ కణంగానైనా మారగల మూలకణాలు) నుంచి మధ్యమెదడు డోపమైన్ ప్రోజెనిటర్లు (డోపమైన్ న్యూరాన్లుగా మారబోయే తొలిదశ కణాలు) చేసే ప్రోటోకాల్ స్థిరపడింది. ఇప్పుడున్న పరిస్థితి ఇది. రక్తకణాల నుంచి సెండాయ్ వైరస్‌తో (కణాలను వెనక్కి తిప్పే జన్యువులను మోసే వాహకం) చేసిన రీసెర్చ్ గ్రేడ్ లైన్ (ఒకే మూలం నుంచి పెంచుకుంటూ వచ్చే కణాల సంతతి), మ్యాట్రిజెల్ (కణాలు అంటుకునే జెల్) మీద పెంపకం, 16వ రోజున హార్వెస్ట్. ఫాక్స్ఎ2, ఓటీఎక్స్2 (మధ్యమెదడు కణాల గుర్తులు) రెండూ ఉన్న కణాలు 80 శాతానికి పైనే వస్తున్నాయి. 6-హైడ్రాక్సీడోపమైన్ ఎలుకల్లో (ఆ విషంతో ఒకవైపు డోపమైన్ కణాలను చంపినవి) తాజా కణాలు పెడితే ఆంఫెటమైన్ ఇచ్చినప్పుడు గిరగిరా తిరగడం అయిదో నెలకు తగ్గిపోయింది.

ఇక క్లినిక్ వైపు నడవాలి. మూడు సందేహాలు. ఇదే లైన్‌తో జీఎంపీ (మందుల తయారీ ప్రమాణాల) బ్యాంకు, అంటే ఫ్రీజ్ చేసిన మూల కణాల నిల్వ, కట్టొచ్చా, కొత్త లైన్ తీయాలా? జీఎంపీ గది సిద్ధమయ్యేలోపు చుంచెలుకల్లో ట్యూమర్ స్టడీ తాజా కణాలతో మొదలుపెడితే సమయం కలిసొస్తుందా? మూడోది, మిగిలిపోయిన ఐపీఎస్ కణాల కోసం ట్రా-1-60తో (ఐపీఎస్ కణాల పైపొర గుర్తు) ఫ్లో సైటోమెట్రీ (కణాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే పరీక్ష) చేస్తే సున్నా వస్తోంది, అది సరిపోతుందా?

బ్యాంకు_గది:

రెండో ప్రశ్న ముందు తీసుకుంటాను, మిగతా రెండూ దానికే వేలాడుతున్నాయి. సర్జన్ చేతికి వెళ్లే సిరంజిలో ఏముంటుందో ముందు ఒక కాగితం మీద రాయండి. ఎన్ని కణాలు, ఎన్నో రోజువి, ఫ్రీజ్ చేసినవా తాజావా, ఏ ద్రవంలో, ఏ సూదితో, కరిగించాక ఎన్ని గంటల్లోపు వాడాలి. అక్కణ్నుంచి వెనక్కి రండి. ట్యూమర్ స్టడీలో పెట్టిన కణాలు ఆ సిరంజిలోని కణాలు కాకపోతే ఆ స్టడీ మళ్లీ చేయాల్సిందే. ఆరు నుంచి తొమ్మిది నెలలు నడిచే పని అది. ఇప్పుడు తాజా కణాలతో మొదలుపెడితే సమయం కలిసిరాదు, పోతుంది.

లైన్ సంగతి. రీసెర్చ్ లైన్లు ఎక్కువగా ఆగిపోయేది జీవశాస్త్రం దగ్గర కాదు, కాగితాల దగ్గర. దాత సంతకం చేసిన అంగీకార పత్రం తెరిచి చూడండి. మనుషుల్లో చికిత్సకు వాడతామని, వాణిజ్య ఉత్పత్తి కావచ్చని, జీనోమ్ మొత్తం చదువుతామని, అవసరమైతే మళ్లీ సంప్రదిస్తామని అందులో ఉందా? రక్తం తీసిన సమయంలో హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్ పరీక్షలు గుర్తింపు ఉన్న ల్యాబులో జరిగాయా? తెల్లకణాలు ఎక్కువగా ఉన్న నమూనా కాబట్టి హెచ్‌టీఎల్‌వీ, సీఎంవీ కూడా అడుగుతారు. దాత ఆరోగ్య చరిత్ర రాసిపెట్టారా? వీటిలో ఒకటి లేకపోయినా తరవాత అతికించడం చాలా కష్టం. కొత్త దాతతో, జీఎంపీ పద్ధతిలో కొత్త లైన్ తీయడమే నేనైతే ఎంచుకుంటాను. పాత లైన్‌ను ప్రక్రియ దిద్దుకోవడానికి, టెస్టులు నిలబెట్టుకోవడానికి వాడుకోండి, అక్కడ అది చాలా పనికొస్తుంది.

ఒకే దాత నుంచి అయిదారు క్లోన్లు తీసి, చివరి ఎంపిక మాత్రం డిఫరెన్షియేషన్ చూసి చేయండి. కాలనీలు అందంగా ఉన్న క్లోన్ మంచి డోపమైన్ కణాలు ఇస్తుందని ఏమీ లేదు. సెండాయ్ ఆర్ఎన్ఏ పోయిందో లేదో ఆర్‌టీ-పీసీఆర్‌తో చూడాలి. మామూలుగా పదో పాసేజ్ (కణాలను విడగొట్టి కొత్త ప్లేటుకు మార్చడం) దరిదాపుల్లో పోతుంది, పోని క్లోన్‌ను పక్కన పెట్టేయండి.

ఇక జన్యు స్థిరత్వం. ఇక్కడ కాస్త ఎక్కువ చెప్పాలి. జీ-బ్యాండింగ్ (క్రోమోజోములకు రంగువేసి మైక్రోస్కోపులో చూసే పరీక్ష) రిపోర్టులో "నార్మల్" అని ఉంటే చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. కానీ 20 మెటాఫేజ్‌లు (విభజన మధ్యలో ఉన్న కణాలు) చూస్తే, తేడా ఉన్న కణాలు సుమారు 14 శాతం దాటితేనే 95 శాతం నమ్మకంతో కనిపిస్తాయి. 30 చూస్తే ఆ హద్దు 10 శాతానికి దిగుతుంది. పైగా 50 లక్షల బేస్ జతలకన్నా చిన్న మార్పులు బ్యాండ్లలో కనపడవు. ఐపీఎస్, ఈఎస్ (పిండం నుంచి తీసిన మూల) కణాల్లో మాటిమాటికీ వచ్చే 20క్యూ11.21 (20వ క్రోమోజోములో ఒక ముక్క) అదనపు కాపీ చాలాసార్లు అంతకన్నా చిన్నది. ఆ ముక్కలో బీసీఎల్2ఎల్1 జన్యువు ఉంది. కణం చావకుండా కాపాడే ప్రొటీన్ దాన్నుంచి వస్తుంది. పాసేజ్ చేసిన ప్రతిసారీ మామూలు కణాలు కొన్ని చస్తాయి, అదనపు కాపీ ఉన్నవి బతుకుతాయి. ఒక శాతంగా ఉన్నవి కొన్ని పాసేజ్‌లలోనే ఫ్లాస్కు అంతా నిండుతాయి. విడివిడి కణాలుగా విడగొట్టే కొద్దీ ఈ ఎంపిక ఇంకా బలపడుతుంది. అందుకే బ్యాంకు దశలో ఈడీటీఏతో చిన్న గుత్తులుగా లేపడం మేలు.

కాబట్టి జీ-బ్యాండింగ్‌కు తోడు 20క్యూ, 1క్యూ, 12, 17, ఎక్స్ క్రోమోజోముల మీద ఫిష్ (మెరిసే ప్రోబ్‌లతో క్రోమోజోము ముక్కలు చూడడం) గానీ డీడీపీసీఆర్ (నమూనాను చిన్న బిందువులుగా విడగొట్టి కాపీలు లెక్కపెట్టే పీసీఆర్) గానీ పెట్టండి. దానికి తోడు లోతైన ఎక్సోమ్ లేదా క్యాన్సర్ జన్యువుల ప్యానెల్. టీపీ53 (క్యాన్సర్‌ను అడ్డుకునే పీ53 ప్రొటీన్ జన్యువు) మీద ప్రత్యేకంగా కన్నుండాలి. 2017లో 140 ఈఎస్ లైన్లను సీక్వెన్స్ చేసి చూస్తే 5 లైన్లలో టీపీ53 మార్పులు బయటపడ్డాయి, క్యాన్సర్లలో కనిపించే రకం మార్పులే. జపాన్‌లోని రైకెన్ పరిశోధన సంస్థ బృందం 2014 సెప్టెంబరులో తొలిసారి రోగి సొంత ఐపీఎస్ కణాల రెటీనా పొర పెట్టింది. రెండో రోగి కోసం చేసిన కణాల్లో మ్యుటేషన్లు కనిపించేసరికి ఆపరేషన్ ఆపేశారు. ఆ తరవాత దాత కణాల వైపు మళ్లారు. ఏ మార్పు కనిపిస్తే బ్యాంకును పారేస్తారో, ఏది కనిపిస్తే కొనసాగిస్తారో సీక్వెన్సింగ్‌కు ముందే రాసి సంతకం పెట్టుకోండి. ఫలితం చేతికొచ్చాక నిర్ణయించుకుంటామంటే, ప్రతి మార్పూ నిరపాయంగానే అనిపిస్తుంది.

ఒక్క బ్యాంకు దగ్గరే కాదు, డిఫరెన్షియేషన్ ముగిసిన కణాల మీదా ఈ టెస్టులు తిరగాలి. బ్యాంకులో లేని మార్పు ఆ 16 రోజుల్లో పైకి రావచ్చు.

సీరియల్_డైల్యూషన్:

మూడో ప్రశ్నకు: లేదండి, ఫ్లోలో సున్నా సరిపోదు. లెక్క చూడండి. లక్ష కణాలు చూసి ఒక్కటీ కనపడలేదంటే, 95 శాతం నమ్మకంతో చెప్పగలిగింది "లక్షకు 3 కన్నా తక్కువ" అని మాత్రమే. బెమ్‌డానెప్రోసెల్ (ఈఎస్ కణాల నుంచి చేసిన పార్కిన్సన్స్ చికిత్స కణాలు) తొలి ట్రయల్లో పెద్ద డోసు ఒక్కో పుటామెన్‌కు (కణాలు పెట్టే మెదడు భాగం) 27 లక్షల కణాలు, రెండు వైపులా కలిపి 54 లక్షలు. మీ డోసూ అంతే అనుకుంటే, "సున్నా" రిపోర్టు ఉన్నా 160 దాకా ఐపీఎస్ కణాలు సిరంజిలో ఉండొచ్చు. ఇదీ యాంటీబాడీ బ్యాక్‌గ్రౌండ్ లేదనుకుంటేనే. చచ్చిన కణాలు యాంటీబాడీని అంటించుకుంటాయి కాబట్టి నిజంలో హద్దు 0.1 నుంచి 0.01 శాతం మధ్య ఎక్కడో ఆగిపోతుంది. డోసు పెరిగితే కథ ఇంకా మారిపోతుంది. మధుమేహానికి వాడిన జిమిస్లెసెల్ పూర్తి డోసు 80 కోట్ల కణాలు. అక్కడ 0.001 శాతం అంటే 8,000 కణాలు. అందుకే హద్దును శాతంలో కాకుండా "డోసుకు ఎన్ని కణాలు" అని రాయడం అలవాటు చేసుకోండి.

రెండు అసేలు (పరీక్షలు) పక్కపక్కన నడపండి.

మొదటిది ఆర్ఎన్ఏ మీద డీడీపీసీఆర్. మార్కర్ ఎంపిక దగ్గరే చాలామంది తడబడతారు. రెటీనా కణాలకు లిన్28ఎ (ఐపీఎస్‌లో పనిచేసే జన్యువు) అద్భుతంగా పనిచేసింది, 0.002 శాతం దాకా పట్టింది. అది చూసి న్యూరల్ కణాలకూ అదే పెడితే దెబ్బతింటారు, ఎందుకంటే తొలిదశ న్యూరల్ ప్రోజెనిటర్లలోనే లిన్28ఎ ఉంటుంది. మీ 16వ రోజు కణాల సింగిల్ సెల్ డేటా తెరిచి, ఐపీఎస్‌లో బాగా ఎక్కువగా ఉండి మీ కణాల్లో దాదాపు లేని జన్యువులను వెతకండి. పీఓయూ5ఎఫ్1, ఎల్1టీడీ1, ఈఎస్ఆర్‌జీ లాంటివి పరీక్షకు పెట్టుకోవచ్చు. పీఓయూ5ఎఫ్1కు సూడోజీన్లు (పనిచేయని నకలు జన్యువులు) ఉన్నాయి, ప్రైమర్లు జాగ్రత్త.

స్పైక్-ఇన్ (తెలిసినన్ని ఐపీఎస్ కణాలను కావాలని కలిపి అసేను పరీక్షించడం) చేసేటప్పుడు ఆర్ఎన్ఏను ఆర్ఎన్ఏలో కలపొద్దు. బతికున్న ఐపీఎస్ కణాలను లెక్కపెట్టి, బతికున్న 16వ రోజు కణాల్లో 0.1, 0.01, 0.001 శాతంగా కలిపి, అప్పుడు లైసిస్ (కణాలను పగలగొట్టడం) చేయండి. అలా చేస్తేనే నష్టం ఎక్కడ జరుగుతోందో తెలుస్తుంది. అదే లైన్ ఐపీఎస్ వాడాలి. కనీసం మూడు వేరువేరు లాట్ల మీద చేయాలి, లాటు లాటుకీ బ్యాక్‌గ్రౌండ్ మారుతుంది.

రెండోది కల్చర్ అసే. లామినిన్-521 మీద, ఈ8 మీడియంలో, మొదటి రోజు రాక్ ఇన్హిబిటర్ 10 మైక్రోమోలార్‌తో మీ కణాలను పరచండి. వారం తరవాత ఆక్ట్4, ట్రా-1-60 రంగువేసి కాలనీలు లెక్కపెట్టండి. పరిచిన ప్రతి ఐపీఎస్ కణం కాలనీ కాదు. స్పైక్ చేసిన వాటిలో 30 శాతమే కాలనీలయ్యాయి అనుకుందాం. "పది లక్షలకు ఒకటి కన్నా తక్కువ" అని 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే, సున్నా కాలనీలు రావడానికి మీరు పరచాల్సింది 30 లక్షలు కాదు, కోటి కణాలు. చదరపు సెంటీమీటరుకు 2 లక్షల చొప్పున ఒక ఆరు వెల్స్ ప్లేటు సరిపోతుంది. అంతకన్నా దట్టంగా పరిస్తే న్యూరల్ కణాలు ఐపీఎస్ కాలనీలను నొక్కేస్తాయి, తప్పుడు సున్నా వస్తుంది. కాబట్టి రికవరీ శాతాన్ని అదే సాంద్రతలో కొలవాలి, పలచటి ప్లేటులో కొలిచిన రికవరీ ఇక్కడ చెల్లదు.

ఇంకో మాట. అందరూ టెరటోమా (మిగిలిన ఐపీఎస్ కణాల నుంచి వచ్చే గడ్డ) గురించే భయపడతారు. న్యూరల్ గ్రాఫ్టుల్లో అసలు చిక్కు చాలాసార్లు దారితప్పిన కణాలతో వస్తుంది. ఫోర్‌బ్రెయిన్ రకం పాక్స్6 కణాలు రోసెట్లుగా మారి నెలల తరబడి విభజన చెందుతూ గ్రాఫ్టును ఉబ్బిస్తాయి. సెరటోనిన్ న్యూరాన్లు చేరితే డిస్కినీషియా (అదుపులేని కదలికలు) భయం. రక్తనాళాల పొరల రకం కణాలు గ్రాఫ్టులో కనిపించడం కూడా నమోదైంది. ఇవేవీ ఐపీఎస్ అసేలో దొరకవు. పాక్స్6, కేఐ67కు (విభజన చెందే కణాల గుర్తు) కూడా రిలీజ్ హద్దులు (లాటు వాడకానికి వదిలే ముందు దాటాల్సినవి) పెట్టండి.

దీని మూలం చిర్ (కణాలు ఏ మెదడు భాగం వైపు వెళ్లాలో నడిపించే రసాయనం) మోతాదులో ఉంది. తక్కువైతే ఫోర్‌బ్రెయిన్ వైపు, ఎక్కువైతే హైండ్‌బ్రెయిన్ వైపు జారుతుంది. సరైన కిటికీ చాలా ఇరుకు. 0.5 నుంచి 1.0 మైక్రోమోలార్ దాకా 0.1 మెట్లతో కొత్త లైన్ మీద మళ్లీ టైట్రేట్ చేయండి. చిర్ లాటు మారినా మళ్లీ అదే పని. పాత లైన్‌లో పనిచేసిన 0.7 కొత్త లైన్‌లోనూ పనిచేస్తుందని అనుకోవద్దు. మ్యాట్రిజెల్ చుంచెలుక ట్యూమర్ నుంచి వచ్చిన పదార్థం, ఎటూ దాన్ని వదలాలి. లామినిన్‌కు మారగానే అంటుకునే కణాల సంఖ్య మారుతుంది, సాంద్రత మారుతుంది, దాంతో చిర్ కిటికీ కూడా కదులుతుంది. కాబట్టి మ్యాట్రిక్స్ ముందు మార్చి, టైట్రేషన్ తరవాత చేయండి.

క్రయో_వయల్:

తాజాగా ఇవ్వాలా, ఫ్రీజ్ చేయాలా అన్నది మీరు ఇంకా తేల్చుకోలేదని అనిపిస్తోంది. రెండు దారులూ మనుషుల దాకా వెళ్లినవే. క్యోటో విశ్వవిద్యాలయం ఐపీఎస్ పార్కిన్సన్స్ ట్రయల్లో కోరిన్ అనే పైపొర ప్రొటీన్ గుర్తుతో సార్ట్ చేసి, గుండ్రటి గుత్తులుగా పెంచి, తాజాగా పెట్టారు. బెమ్‌డానెప్రోసెల్ ఫ్రీజ్ చేసిన కణాలు. నా ఓటు ఫ్రీజింగ్‌కే. కారణం స్టెరిలిటీ పరీక్షకు 14 రోజులు, మైకోప్లాస్మా కల్చర్‌కు 28 రోజులు పట్టడం. తాజా కణాలైతే ఫలితం రాకముందే మెదడులోకి వెళ్తాయి. ఆ తరవాత పాజిటివ్ వస్తే ఏం చేస్తారో ముందే రాసిపెట్టుకోవాలి, ఆ కాగితం రాయడానికి ఎవరికీ చేయి రాదు. ఫ్రీజ్ చేస్తే అన్ని ఫలితాలూ చేతికొచ్చాకే వయల్ కదులుతుంది, ఒకే లాటు చాలామంది రోగులకు వెళ్తుంది.

16వ రోజు కణాలను విడివిడిగా చేసి 10 శాతం డీఎంఎస్ఓలో (గడ్డకట్టేటప్పుడు కణాలను కాపాడే ద్రవం), నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున కంట్రోల్డ్ రేట్ ఫ్రీజర్‌లో దించండి. నిల్వ ద్రవ నైట్రోజన్ ఆవిరిలో. వయల్స్ నింపడం మొదలయ్యాక చివరి వయల్ మూత పడేదాకా ఎంత సేపు పట్టిందో చూసుకోండి. మొదటి వయల్‌కీ చివరి వయల్‌కీ డీఎంఎస్ఓలో గడిపిన సమయంలో అరగంట తేడా ఉంటే బతికే శాతంలో అది కనిపిస్తుంది. లాటు మొదట్లోవి, మధ్యలోవి, చివరివి కరిగించి పోల్చండి.

కరిగించిన వెంటనే ట్రిపాన్ బ్లూ (చచ్చిన కణాలకు పట్టే రంగు) బతికినవి 90 శాతం చూపించవచ్చు. దాన్ని నమ్మి సంబరపడొద్దు. ఫ్రీజింగ్ దెబ్బతిన్న కణాల్లో చావు కొన్ని గంటల తరవాత బయటపడుతుంది. కరిగించాక 0, 2, 4 గంటల్లో, మళ్లీ ప్లేటు మీద పరిచి 24 గంటలకు లెక్కపెట్టండి. రిలీజ్‌కు మామూలుగా అడిగే కనీసం 70 శాతం. కానీ మెదడులో ఎన్ని నిలబడతాయో ఊహించడానికి 24 గంటల అంకే దగ్గర.

మెదడులోకి డీఎంఎస్ఓ పంపలేం కాబట్టి ఆసుపత్రిలో కడగాలి. అక్కడ ఆ పని చేసేది మీ టెక్నీషియన్ కాదు. సెంట్రిఫ్యూజ్ జీ-ఫోర్స్, నిమిషాలు, ఎంత పైద్రవం తీయాలి, ఎన్నిసార్లు పిపెట్ చేయాలి, అన్నీ అక్షరాలా రాసి, బయటివాళ్ల చేత చేయించి చూడండి. చచ్చిన కణాల నుంచి డీఎన్ఏ జిగురుగా బయటికొచ్చి కణాలను ముద్దకట్టిస్తుంది. డీఎన్ఏస్ వేయక తప్పదనుకుంటే అది కూడా చికిత్సకు తగిన గ్రేడులో ఉండాలి, కడిగాక ఎంత మిగిలిందో చూపించాలి.

సూది దగ్గర ఇంకాస్త ఆగుదాం. మైక్రోలీటరుకు లక్ష కణాలంటే చిక్కటి సస్పెన్షన్. సిరంజి నిలువుగా పెట్టి ఉంచితే నిమిషాల్లో కణాలు కిందికి దిగుతాయి. మొదటి డిపాజిట్‌లో కణాలు ఎక్కువ, చివరిదాంట్లో దాదాపు ద్రవమే పోతుంది. సర్జన్ నిజంగా వాడే కాన్యులా (సన్నని గొట్టం సూది), నిజంగా వాడే వేగం, థియేటర్‌లో నిజంగా పట్టే విరామాలు పెట్టి ప్రతి డిపాజిట్‌నూ వేరే ట్యూబులో పట్టి లెక్కపెట్టండి. కాన్యులాలో మిగిలిపోయే ద్రవం ఎంతో కొలవండి. 20 మైక్రోలీటర్లు లోపలే ఉండిపోతే మీరు ఇచ్చామనుకున్న డోసులో 20 లక్షల కణాలు రోగికి చేరలేదన్నమాట. ఈ పని నీళ్లతోనో, వేరే కణాలతోనో చేస్తే చెల్లదు, మీ కణాలతోనే చేయాలి. ఒక కాన్యులాను ఎంచుకున్నాక దాన్ని మార్చడమంటే ఇదంతా మళ్లీ మొదటికి.

కణశాల:

ముగ్గురికీ ధన్యవాదాలు. ఫ్రీజింగ్‌కే వెళ్తాం. రెండు మిగిలాయి. ఇప్పటికే ఉన్న తాజా కణాల ఎలుక డేటా వృథాయేనా? రోగనిరోధకత విషయంలో హెచ్ఎల్ఏ (కణం సొంతదో పరాయిదో ఒంటికి చెప్పే ప్రొటీన్లు) కలిసే దాతను వెతకాలా, లేక మొదటినుంచే బీ2ఎం (హెచ్ఎల్ఏ కణం పైకి రావడానికి కావలసిన జన్యువు) తీసేసిన ఎడిటెడ్ లైన్‌తో వెళ్లాలా?

నాన్‌క్లినికల్:

డేటా వృథా కాదు. "ఈ రకం కణాలు ఈ జబ్బులో పనిచేస్తాయి" అనడానికి అది ఆధారం, ప్యాకేజీలో దాని చోటు దానికి ఉంటుంది. భద్రతకు ఆధారం కాదు. ఫ్రీజ్ చేసిన కణాలతో చిన్న ఎలుక స్టడీ ఒకటి చేసి, తాజా వాటితో సమానంగా నిలబడ్డాయా, టీహెచ్ పాజిటివ్ (డోపమైన్ తయారుచేసే) న్యూరాన్లు ఎన్ని మిగిలాయి అన్నది చూపిస్తే పాత డేటాకు వంతెన పడుతుంది.

ట్యూమర్ స్టడీ డిజైన్ రెగ్యులేటర్‌తో మాట్లాడకుండా మొదలుపెట్టొద్దు. అమెరికా ఎఫ్‌డీఏ దగ్గర తొలిదశకు ఇంటరాక్ట్ మీటింగ్, తరవాత ప్రీ-ఐఎన్‌డీ (ట్రయల్ అనుమతి అర్జీకి ముందు మీటింగ్). జపాన్‌లో పీఎండీఏ సంప్రదింపు, యూరప్‌లో ఈఎంఏ శాస్త్రీయ సలహా. "మా ప్లాన్ బాగుందా?" అని అడిగితే ఉపయోగపడే జవాబు రాదు. "ఇన్ని జంతువులు, ఈ డోసు, ఇన్ని నెలలు, మీరు ఒప్పుకుంటారా?" అని అంకెలు పెట్టి అడగండి.

మామూలుగా నిలబడే డిజైన్ ఇది. ఎన్ఎస్‌జీ లాంటి రోగనిరోధకత లేని చుంచెలుకలు, కణాలు వెళ్లేది స్ట్రయేటమ్‌లోకే (పుటామెన్ ఉండే మెదడు భాగం), చర్మం కిందికి కాదు. గ్రూపుల్లో వాహక ద్రవం ఒకటి, మీ ఫ్రీజ్ చేసిన జీఎంపీ లాటు ఒకటి, దానికే తెలిసిన శాతంలో ఐపీఎస్ కలిపినవి రెండు, ఐపీఎస్ మాత్రమే ఒకటి. కలిపిన గ్రూపుల్లో గడ్డలు కనిపిస్తేనే మీ ఉత్పత్తి గ్రూపులో కనిపించని గడ్డకు అర్థం ఉంటుంది. మనిషి డోసు మొత్తం చుంచెలుక మెదడులో పట్టదు, పట్టినంత గరిష్ఠంగా పెట్టండి. గడువు ఆరు నుంచి తొమ్మిది నెలలు, మానవ కణాల గడియారం మెల్లగా నడుస్తుంది కాబట్టి. ముసలి చుంచెలుకలకు సొంత గడ్డలూ వస్తాయి. ప్రతి గడ్డకూ మానవ న్యూక్లియర్ యాంటిజెన్ రంగువేసి అది ఎవరిదో తేల్చాలి. మిగతా అవయవాల్లో మానవ ఆలూ సీక్వెన్సులకు క్యూపీసీఆర్ చేస్తే కణాలు ఎక్కడికైనా పోయాయేమో తెలుస్తుంది.

జంతువుల్లో చిన్నది కనిపించినా ఎంత ఆలస్యం అవుతుందో చూడాలంటే జెరాన్ కంపెనీ ఈఎస్ కణాల వెన్నుపాము ట్రయల్ చాలు. 2009 జనవరిలో అనుమతి వచ్చింది, ఆగస్టులో జంతువుల్లో సూక్ష్మమైన సిస్టులు కనిపించి ఆగింది. కణాల స్వచ్ఛతకు కొత్త మార్కర్లు పెట్టి, మరో జంతు స్టడీ చేశాక 2010లో మొదటి రోగి. అవి టెరటోమాలు కూడా కావు. అందుకే పైన చెప్పిన పాక్స్6 హద్దుల మాట నాకు చాలా నచ్చింది.

ఎండోటాక్సిన్ హద్దు కూడా చూసుకోండి. రక్తంలోకి ఇచ్చే వాటికి కిలో బరువుకు 5 యూనిట్లు, వెన్నుద్రవంలోకి ఇచ్చే వాటికి 0.2. మెదడు ఉత్పత్తికి రెండోదే లక్ష్యంగా పెట్టుకోండి.

రోగనిరోధకత గురించి: మొదటి ట్రయల్‌కు ఎడిటింగ్ వద్దన్నది నా గట్టి అభిప్రాయం. క్రిస్పర్ (జన్యువులను ఎడిట్ చేసే పద్ధతి) కోత పీ53ను లేపుతుంది, పీ53 దెబ్బతిన్న కణాలే ఆ ఎంపికలో సులువుగా నెగ్గుతాయి. ఎడిట్ చేసిన క్లోన్ అంటే కొత్త లైన్, బ్యాంకు_గది గారు చెప్పిన టెస్టులన్నీ మొదటినుంచి. బీ2ఎం తీసేస్తే టీ కణాల బాధ తగ్గుతుంది కానీ హెచ్ఎల్ఏ కనిపించని కణాన్ని ఎన్‌కే అనే రక్షణ కణాలు కొడతాయి. దాన్ని ఆపడానికి హెచ్ఎల్ఏ-ఈనో సీడీ47నో చేర్చాలి. పైగా ఆ కణం వైరస్ పట్టినా, ట్యూమర్‌గా మారినా ఒంటికి కనపడదు. మెదడు ఇలాంటి సాహసం అవసరమయ్యేంత కఠినమైన చోటు కాదు. బెమ్‌డానెప్రోసెల్‌లో ఒక సంవత్సరం, క్యోటోలో 15 నెలలు రోగనిరోధకతను అణిచే మందులిచ్చి ఆపారు. ఆపిన తరవాత కూడా పెట్ స్కాన్‌లో గ్రాఫ్టుల డోపమైన్ సిగ్నల్ నిలిచింది.

హెచ్ఎల్ఏ_జత:

ఎడిటింగ్ విషయంలో ఒప్పుకుంటాను, కానీ మందులను తేలిగ్గా తీసుకోవద్దు. 2025లో వచ్చిన జిమిస్లెసెల్ ఫలితాల్లో పూర్తి డోసు తీసుకున్న 12 మందిలో 10 మందికి ఏడాదికి ఇన్సులిన్ అవసరం లేకపోయింది, ఇంత మంచి ఫలితం మన రంగంలో అరుదు. అదే ట్రయల్లో ఇద్దరు చనిపోయారు, వాళ్లలో ఒకరు క్రిప్టోకాకల్ మెనింజైటిస్‌తో. అలాంటి ఇన్ఫెక్షన్ రోగనిరోధకత అణిగిన ఒంట్లోనే ఎక్కువగా వస్తుంది. పార్కిన్సన్స్ రోగులు వయసులో పెద్దవాళ్లు. టాక్రోలిమస్ (ఆ మందుల్లో ఒకటి) వల్ల వణుకు రావడం మామూలే, అది జబ్బు వణుకుతో కలిసిపోయి స్కోర్లు తప్పుదారి పట్టిస్తాయి. రక్తంలో మందు స్థాయి, స్కోరు తీసిన రోజు రెండూ పక్కపక్కన నమోదు చేసేలా ప్రోటోకాల్‌లోనే పెట్టండి. మందులు ఎప్పుడు తగ్గించాలి, ఏ లక్షణం కనిపిస్తే మళ్లీ మొదలుపెట్టాలి అన్నది న్యూరాలజిస్టు ఒక్కరే తేల్చే పని కాదు. అవయవ మార్పిడి బృందం నుంచి ఒకరిని మొదటి రోజునుంచే కూర్చోబెట్టండి.

హెచ్ఎల్ఏ హోమోజైగస్ (తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ ఒకే హెచ్ఎల్ఏ రకం వచ్చిన) దాత దొరికితే మంచిదే. క్యోటో బ్యాంకు 7 మంది దాతలతో జపనీయుల్లో 40 శాతం మందికి సరిపోయే లైన్లు చేసింది. అయితే ఒక్కో లైనుకూ పూర్తి టెస్టులు, పూర్తి టైట్రేషన్, పూర్తి జంతు స్టడీ పడతాయి. మొదటి ట్రయల్‌కు ఒక్క లైన్ చాలు. దాన్ని ఎంచుకునేటప్పుడు డిఫరెన్షియేషన్ బలం, జన్యు స్థిరత్వం ముందు. హెచ్ఎల్ఏ ఆ తరవాత.

క్రయో_వయల్:

పొటెన్సీ (కణాలు నిజంగా పనిచేస్తాయని చూపే పరీక్ష) మాట ఎవరూ ఎత్తలేదు. డోపమైన్ విడుదల కొలవాలంటే కణాలు వారాలపాటు పరిపక్వం కావాలి, ఎలుకలో అయితే అయిదారు నెలలు. రిలీజ్ టెస్టుగా అది కుదరదు. కాబట్టి ఈఎన్1, ఎల్‌ఎంఎక్స్1ఎ, ఫాక్స్ఎ2 లాంటి 16వ రోజు మార్కర్లను ఎలుక ఫలితంతో ముడిపెట్టాలి. ఆ ముడి పడాలంటే బాగా వచ్చిన లాట్లు మాత్రమే ఎలుకల్లో పెడితే సరిపోదు. మార్కర్ హద్దుకు దగ్గరగా ఉన్న ఒక లాటు, హద్దు కింద పడిన ఒక లాటు కూడా పెట్టండి. అప్పుడే మీరు గీసిన గీతకు అర్థం ఉందని చూపించగలరు.

ఇంకోటి, వయల్స్ లెక్క వేసేటప్పుడు రోగులకు కావలసినన్ని మాత్రమే చూసుకోకండి. ప్రతి క్లినికల్ లాటు నుంచి స్థిరత్వ పరీక్షకు 0, 6, 12, 24 నెలలకు సరిపడా, రిలీజ్ టెస్టు తిరగచేయాల్సి వస్తే దానికి, ట్యూమర్ స్టడీకి, వీటన్నిటికీ పైన కనీసం పది వయల్స్ ముట్టుకోకుండా దాచండి. రేపు ప్లేట్ల నుంచి బయోరియాక్టర్‌కు మారినప్పుడు కొత్త కణాలు పాతవాటితో సమానమని పక్కపక్కన పెట్టి చూపించాల్సింది ఈ వయల్స్‌తోనే. మొదటి రోగులకిచ్చిన లాటు అయిపోయి ఉంటే పోల్చడానికి ఏమీ మిగలదు, అప్పుడు రెగ్యులేటర్ మళ్లీ జంతు స్టడీ అడుగుతారు. ఆ పది వయల్స్‌ను వేరే భవనంలోని ట్యాంకులో పెట్టండి.